పరీక్ష తప్పితే ఆగిపోయే బిల్డ్

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్ ఒక ఉదయమంతా తన ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ కూర్చున్నారు. ఎంత వెతికినా దొరకదు. దొరకడానికి అందులో తప్పు లేదు, ఆయన అప్పటికే దాన్ని దిద్దేశారు. దిద్దిన ఫైలును మళ్లీ కంపైల్ చేయడమే మరిచిపోయారు. విసుక్కుంటూ వెళ్లి ఆ గోడు సహోద్యోగి స్టువర్ట్ ఫెల్డ్‌మన్‌కు వెళ్లబోసుకున్నారు. ఆ వారాంతంలో ఫెల్డ్‌మన్ రాసిందే ‘మేక్’ అనే బిల్డ్ సాధనం. అది 1976.

ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో రాసిపెడితే చాలు. మేక్ ఆ ఫైళ్లు మారిన వేళలు పోల్చి, అవసరమైనవే మళ్లీ తయారుచేస్తుంది. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం ఇంకొకటి. తాను నడిపే కమాండ్ ఏం చేస్తుందో మేక్‌కు తెలియదు. పని ముగిశాక వచ్చే ఎక్సిట్ కోడ్ ఒక్కటే చూస్తుంది. సున్నా వస్తే ముందుకు సాగుతుంది, ఇంకే అంకె వచ్చినా ఆగుతుంది. కంపైలర్ స్థానంలో టెస్టును పెట్టినా దానికి తేడా లేదు. బిల్డ్‌లోకి పరీక్షలు నడిచొచ్చింది ఈ చిన్న తలుపులోంచే.

1987 డిసెంబరులో లారీ వాల్ విడుదల చేసిన పెర్ల్ భాష తన టెస్టులను వెంటబెట్టుకునే వచ్చింది. ఒక్కో పరీక్షకూ ‘ఓకే’, ‘నాట్ ఓకే’ అని ఒక వరుస. పదేళ్ల తర్వాత జ్యూరిక్ నుంచి అమెరికా వెళ్లే విమానంలో కెంట్ బెక్, ఎరిక్ గామా పక్కపక్కన కూర్చుని జావాలో యూనిట్ టెస్టులు నడిపే జేయూనిట్ రాశారు.

యూనిట్ టెస్టు ఎంత చిన్నదో చూడండి. లీపు సంవత్సరం తేల్చే ఫంక్షన్ ఉందనుకుందాం. నాలుగుతో భాగిస్తే శేషం లేకుంటే చాలని రాస్తే 2000కూ 2024కూ సరిగ్గానే చెబుతుంది. 1900 దగ్గర తప్పుతుంది, ఎందుకంటే శతాబ్ది సంవత్సరం 400తోనూ నిశ్శేషంగా తెగాలి. రాబోయే తేదీలే లెక్కకట్టే ప్రోగ్రాంలో ఈ తప్పు 2100 తేదీలు తగిలేదాకా బయటపడకపోవచ్చు. ‘1900 లీపు కాదు’ అనే ఒక్క వరుస టెస్టు దాన్ని ఈ పూటే పట్టిస్తుంది.

తర్వాత వచ్చిన జావా బిల్డ్ సాధనం మావెన్ పద్ధతి మరీ కచ్చితం. అందులో ప్యాకేజీ కంటే టెస్టు దశ ముందు. మామూలుగా నడిపితే, పరీక్ష తప్పినప్పుడు ఆ ప్యాకేజీ, అంటే జార్ ఫైలే పుట్టదు. 2011లో జెంకిన్స్‌గా పేరు మార్చుకున్న హడ్సన్ లాంటి సర్వర్లు, ఎవరు కోడ్ చేర్చినా ఈ తంతునంతా తమంతట తామే నడిపిస్తున్నాయి.

అయినా రిలీజు రాత్రి తొందరలో టెస్టులను దాటవేసే ఆప్షన్ వైపు చెయ్యి పోతుంది. దయచేసి దాని జోలికి పోకండి. బగ్ దొరికినప్పుడు ముందు దాన్ని పట్టిచ్చే టెస్టు రాయండి. అది ఫెయిలవడం కళ్లారా చూసి, అప్పుడు కోడ్ దిద్దండి.