గరిక పీకిన చేతులకు గోల్ఫ్ కొలువు

మన డెల్టా రైతుకు గరికంటే తలనొప్పి. గట్టు మీద ఒక్క కణుపు మిగిలినా చాలు, చూస్తుండగానే చేలోకి పాకేస్తుంది. వినాయక చవితినాడు మాత్రం అదే గరికను దూర్వాయుగ్మమంటూ పత్రిలో చేర్చి పూజ చేస్తాం. దానికి మూడో వైభవం కూడా ఉంది. వేడి ప్రాంతాల్లోని గోల్ఫ్ మైదానాల్లో చాలావాటి మీద పరుచుకుని ఉండేది ఈ గరికే, లేదంటే దాని సంకర రకాలే. బెర్ముడా గ్రాస్ అని పిలుస్తారు. మనం పీకి పారేసేదాన్ని పెంచడానికి అక్కడ జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు.

వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన నాకు ఈ గోల్ఫ్ గొడవ అంటించింది మా మేనల్లుడు. భవానీపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతలే మా చెల్లెలి ఇల్లు. వాడు బీఎస్సీ అగ్రికల్చర్ పూర్తి చేశాడు. గోల్ఫ్ పిచ్చి మాత్రం సాహిత్ తీగల వల్ల పట్టింది. సాహిత్ కాలిఫోర్నియాలో పుట్టిన తెలుగువాడు. తండ్రి 1980ల్లో హైదరాబాద్ నుంచి చదువు కోసం అమెరికా వెళ్ళారు. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో చదువుతూ, 2020లో కాలేజీ గోల్ఫ్‌లోని హాస్కిన్స్, హోగన్, నిక్లాస్ అవార్డులు మూడూ గెలిచాడు. 2023లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌తో పీజీఏ టూర్‌లో తొలి టైటిల్ కొట్టాడు. మావాడు అర్ధరాత్రిళ్ళు ఫోనులో ఆ ఆటలు చూసి, హైదరాబాద్ వెళ్ళినప్పుడల్లా స్నేహితుడి కిట్‌తో బంతులు కొట్టి వచ్చేవాడు.

మా బావగారికి ఒళ్ళు మండింది. "చదువు కోసం చేసిన బ్యాంకు అప్పు ఇంకా తీరలేదు. గ్రూప్స్‌కి కూర్చోమంటే కర్ర ఊపుతానంటాడు. మీరైనా చెప్పండి బావగారూ" అన్నారు. చెల్లెలు వంటింటి గుమ్మంలో నిలబడి, "వాడి మనసు విరవకన్నయ్యా" అంది. ఇద్దరి మాటా కాదనలేనిదే.

నేను వాణ్ణి ఒక్కటే అడిగాను. "ఒరేయ్, నువ్వు ఆడి బతకడం సంగతి అలా ఉంచు. ఆ ఆట బతకాలంటే నీ చదువుతో ఏం పని ఉందో చెప్పు?"

మైదానమంటే పొలమే

18 హోల్స్ గోల్ఫ్ మైదానానికి సుమారు 120 నుంచి 180 ఎకరాలు కావాలి. మా పక్కనే కృష్ణలో ఉన్న భవానీ ద్వీపం దాదాపు 130 ఎకరాలు. అంత విస్తీర్ణంలో ఏడాది పొడవునా పచ్చగా ఉండే పంట వేశామనుకోండి. అదీ గోల్ఫ్ మైదానం. దాని బాధ్యత మోసే ఉద్యోగిని కోర్స్ సూపరింటెండెంట్ అంటారు. మట్టి, నీరు, ఎరువు, తెగులు, కలుపు, యంత్రాలు, కూలీలు, బడ్జెట్ అన్నీ ఆయన చేతిలోనే. బీఎస్సీ అగ్రికల్చర్‌లో నేర్పేదీ చాలావరకు ఇవేగా!

బంతి గుంటలో పడే భాగాన్ని గ్రీన్ అంటారు. అక్కడ గడ్డిని సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తులో కత్తిరిస్తారు. రెండు రూపాయి బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పెడితే ఎంతో అంత. అంత పొట్టిగా కోసినా చావకుండా చూడటమే అసలు విద్య. ఇందుకోసం అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో గరికను దాని ఆఫ్రికా చుట్టంతో సంకరపరిచి టిఫ్‌వే, టిఫ్‌డ్వార్ఫ్ వంటి రకాలు తీశారు. వీటికి మొలకెత్తే విత్తనం ఉండదు. కణుపులు నాటి పెంచాల్సిందే. ఉప్పునీటికి తట్టుకునే మరో గడ్డి పాస్పలం. అది మన అరికెల జాతిదే. చౌడు నేలల గురించి చదివిన డెల్టా కుర్రాడికి ఇది కొత్త పాఠమేమీ కాదు.

తేడా ఒకచోట ఉంది. మనం వరి మడిలో నీరు నిలవాలని దమ్ము చేస్తాం. గ్రీన్ మీద నీరు నిలిచిందంటే కొంప మునిగినట్టే. అందుకే అడుగున 10 సెంటీమీటర్ల కంకర, దానిపైన 30 సెంటీమీటర్ల ఇసుక పొర వేసి కడతారు.

బంతి ఎంత వేగంగా దొర్లుతుందో కొలవడానికి స్టింప్‌మీటర్ అనే మూడడుగుల పట్టీ ఉంటుంది. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే అమెచ్యూర్ ఆటగాడు తయారుచేశాడు. పట్టీ మీది నుంచి జారిన బంతి ఎన్ని అడుగులు దొర్లితే గ్రీన్ వేగం అంత.

నీళ్ళ మాటేమిటి?

"రైతుకే నీళ్ళు లేకపోతే గడ్డికి పోస్తారా?" అని మా బావగారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. చాలా మైదానాలు శుద్ధిచేసిన మురుగునీటిని వాడుతున్నదీ అందుకే. ఎక్కడ ఎంత తడి అవసరమో లెక్కగట్టి, ఆటకు పనికిరాని చోట గడ్డి తగ్గించగలవాడికి గిరాకీ ఉంటుంది. ఆ లెక్క తెలిసేది వ్యవసాయం చదివినవాడికే.

ఇతర డిగ్రీల వాళ్ళు

ఆర్కిటెక్చర్, సివిల్ చదివినవాళ్ళకు మైదానాల డిజైన్, డ్రైనేజీ పనులుంటాయి. హోటల్ మేనేజ్‌మెంట్ వాళ్ళకు క్లబ్బులు, ఎంబీఏలకు టోర్నమెంట్ల నిర్వహణ, ఫిజియోథెరపీ వాళ్ళకు ఆటగాళ్ళ నడుములు, భుజాలు. 2003లో డెన్మార్క్‌లో మొదలైన ట్రాక్‌మ్యాన్ కంపెనీ రాడార్‌తో బంతి గమనాన్ని కొలుస్తుంది. అలాంటి చోట ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళకు పని. కోచ్ కావాలనుకునేవాళ్ళకు నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా శిక్షణ ఇస్తుంది.

అగస్టా నేషనల్ మైదానాన్ని బాబీ జోన్స్‌తో కలిసి రూపొందించిన అలిస్టర్ మెకంజీ అసలు డాక్టర్. యుద్ధంలో సర్జన్‌గా ఉన్నప్పుడు బోయర్ సైనికులు నేల వాలును వాడుకుని దాక్కునే తీరు గమనించాడు. ఆ చూపే తర్వాత మైదానాల డిజైన్‌లో అక్కరకొచ్చింది. బాబీ జోన్స్ మెకానికల్ ఇంజనీరింగ్, ఆంగ్ల సాహిత్యం చదివి లాయరుగా బతికాడు, ఆటను ప్రేమకే ఉంచుకున్నాడు. మన దేశంలో, రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గ్రీన్ కీపర్‌గా పనిచేసిన వ్యక్తి కొడుకు ఎస్.ఎస్.పి. చౌరాసియా 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు. అంటే గడ్డి కోసే ఇంటి నుంచి కూడా ఆటకు దారి ఉందన్నమాట.

దిగేముందు

ఈ ఉద్యోగంలో తెల్లారకముందే లేవాలి. ఆటగాళ్ళు వచ్చేలోగా మంచు దులపాలి, గడ్డి కోయాలి, గుంటలు మార్చాలి. ఆదివారం జనం ఎక్కువ, కనుక సెలవు ఉండదు. ఆడే తీరిక మనం అనుకున్నంత దొరకదు. మైదానాలూ ఊరికొకటి ఉండవు. మన తెలుగువాళ్ళకు దగ్గర్లో హైదరాబాద్, విశాఖపట్నం, ఆపైన బెంగళూరు. విజయవాడలో ఇంటి భోజనం తింటూ చేసే కొలువైతే కాదు.

అందుకని ముందు ఆర్నెల్లు ట్రెయినీగా చేయాలి. పనిచేసే సూపరింటెండెంట్ వెంట తిరిగి చూడాలి. మన దేశంలో సూపరింటెండెంట్లకు, మేనేజర్లకు ఒక సంఘం ఉంది, వాళ్ళ సదస్సులు పనికొస్తాయి. పై చదువుకు అమెరికాలో పెన్ స్టేట్, మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయాల్లో పచ్చిక శాస్త్రం ప్రత్యేకంగా నేర్పుతారు. ఖర్చు పెద్దది కనుక పని రుచి చూశాకే ఆ ఆలోచన.

మావాడికి మా బావగారు ఏడాది గడువిచ్చారు. ఇప్పుడు వేరే ఊళ్ళో ఓ మైదానంలో ట్రెయినీగా ఉన్నాడు. వచ్చేది తక్కువే అయినా బ్యాంకు వాయిదాలో సగం వాడే కడుతున్నాడు. మొన్న ఫోన్ చేసి, "మామయ్యా, ఇక్కడ గ్రీన్‌లో తుంగ లేచింది, మన పొలంలో ఏం చేసేవాళ్ళం?" అని అడిగాడు. ఆట గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. దుంపతో సహా తవ్వించమని చెప్పాను.