వార్తల్లో పదం: డీఎన్ఏ రిపేర్ ఎంజైమ్

పొలాల్లో మిట్టమధ్యాహ్నం పనిచేసే రైతు చర్మకణాల్లో ఎండలోని అతినీలలోహిత కిరణాలు డీఎన్ఏను దెబ్బతీస్తూనే ఉంటాయి. ఆ దెబ్బను బాగుచేసేవే ఈ ఎంజైములు. కణంలో ఇవి ఉండేది బహు స్వల్పం. కాబట్టి వీటిని వేరుచేయడానికి హీలా వంటి మానవ కణాలను ల్యాబ్‌లో లీటర్లకొద్దీ పెంచి, పగలగొట్టి, ఉప్పు ద్రావణంతో ప్రోటీన్లను రాబట్టి, ప్రోటీన్లను విడదీసే కాలమ్‌ల గుండా ఒకదాని తర్వాత ఒకటిగా పంపి, దిగినదాన్ని ట్యూబుల్లో పడతారు. అంతా 4 డిగ్రీల చలిలోనే, లేకుంటే ఎంజైము పాడవుతుంది. అసలు తంటా ఆ తర్వాతే. ఏ ట్యూబులోకి ఎంజైము దిగిందో కంటికి కనిపించదు. దెబ్బతిన్న డీఎన్ఏను ప్రతి ట్యూబులోనూ వేసి చూడాల్సిందే! ఇప్పుడు చాలామంది ఆ ఎంజైము జన్యువును బ్యాక్టీరియాలోకి ఎక్కించి పని కానిచ్చేస్తున్నారు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు బృందం ముసలి ఎలుకల మెదడు కణాల సారానికి పాలిమరేజ్ బీటా, లైగేజ్ అనే రిపేర్ ఎంజైములను కలిపి, తగ్గిన మరమ్మతు శక్తిని పెంచి చూపింది. 2015 రసాయనశాస్త్ర నోబెల్ ఈ రంగంలోని లిండాల్, మోడ్రిచ్, సాంజార్‌లకే దక్కింది.