పరాయి యంత్రంలో దాచిన పుస్తకం

ఒక ఉపాధ్యాయుడు తన దగ్గరున్న అపురూప గ్రంథానికి మూడు ప్రతులు తీయించి, ముగ్గురు విద్యార్థుల కిచ్చి, "భద్రంగా దాచండి, నెలనెలా కొంత సొమ్ము ఇస్తాను" అన్నా డనుకుందాం. ఏడాది తరవాత "ఉన్నదా?" అని అడిగితే ముగ్గురూ "ఉన్నదండీ" అనే అంటారు. అందుచేత "147వ పుటలో అయిదవ పంక్తి చదువు" అని హఠాత్తుగా అడగటం మంచి ఉపాయం. పుస్తకం పారవేసినవాడు దొరికిపోతాడు.

కంప్యూటరు సమాచారాన్ని ముక్కూ మొగమూ తెలియనివారి యంత్రాలలో దాచే పద్ధతులన్నిటిలోనూ చిక్కు ఇదే. ఒకే సంస్థ దగ్గర దాచితే ఆ సంస్థను నమ్ముతాం. వేలాది యంత్రాలలో దాచితే నమ్మటానికి పెద్ద అంటూ ఎవరూ ఉండరు. 2020 అక్టోబరులో పని ప్రారంభించిన ఫైల్‌కాయిన్ అనే వ్యవస్థ ఈ చిక్కును ఎట్లా విప్పిందో చూద్దాం.

ప్రశ్నించేవాని దగ్గర పుస్తకమే లేకపోతే జవాబు సరయినదో కాదో ఎట్లా తెలుస్తుంది? ఇక్కడ హాష్ అనే గణితప్రక్రియ ఆదుకుంటుంది. ఎంత పొడవైన సమాచారాన్నయినా అది ఒక చిన్న సంఖ్యగా మారుస్తుంది. ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. సమాచారాన్ని 1,024 ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ హాష్ కట్టి, ఆ సంఖ్యలను రెండేసి చొప్పున జతచేసి మళ్ళీ హాష్ కడుతూ పోతే పదవ మెట్టున ఒకే సంఖ్య మిగులుతుంది. రాల్ఫ్ మెర్కిల్ 1979లో చేసిన ఈ ఊహకు "మెర్కిల్ వృక్షం" అని పేరు. ప్రశ్నించేవాడు ఈ చివరి సంఖ్య ఒక్కటి దాచుకుంటే చాలు. దాచినవాడు అడిగిన ముక్కనూ, దానికి తోడు 10 హాష్ సంఖ్యలనూ పంపితే నిజం తేలుతుంది. ముక్కలు పది లక్షలయినా 20 సంఖ్యలే సరిపోతవి!

పదింట ఒక వంతు మాత్రం పారవేసిన గడుసువాడు ఒక్క ప్రశ్నకు దొరకకపోవచ్చు. కాని 50 ప్రశ్నలకు తప్పించుకొనే అవకాశం 0.9ని 50 సార్లు హెచ్చిస్తే వచ్చే ఫలం. అది సుమారు 0.005, అనగా 200లో ఒకటి.

ముగ్గురు విద్యార్థులూ కూడబలుక్కొని ఒక్క ప్రతినే ఉంచుకొని, ముగ్గురి సొమ్మూ తీసుకుంటే? అసలు తెలివి అంతా దీనికి విరుగుడు కనిపెట్టటంలోనే ఉన్నది. ఫైల్‌కాయిన్‌లో ప్రతివాడూ తన ప్రతిని తన సొంత గుర్తుతో కలిపి వేరొక రూపంలోకి మార్చాలి. దీనినే సీలు వేయటం అంటారు. 3,400 కోట్ల బైట్లకు పైబడిన ఒక భాగానికి సీలు వేయటానికి గంటలు పడుతుంది. కావాలనే దానిని అంత నిదానంగా రూపొందించారు. జవాబు చెప్పే గడువు మాత్రం అరగంటే. అడిగినప్పుడు అప్పటికప్పుడు ఇంకొకని ప్రతినుంచి తయారుచేసుకొనే వ్యవధి ఉండదు.

ప్రతి భాగానికీ 24 గంటల కొకసారి పరీక్ష తప్పదు. ప్రశ్నలు ఎవరి ఇష్టంమీదా కాక, యాదృచ్ఛిక సంఖ్యలనుండి పుడతవి. జవాబులు బ్లాక్‌చెయిన్‌లో నమోదవుతవి. ఇది ఏ పుటకాపుట ముందరి పుట హాష్‌ను మోస్తూ, అందరివద్దా ప్రతి ఉండే చిట్టా. దాచేవాడు ముందే ధరావతు కట్టాలి. జవాబులు సరిగా ఇస్తే నాణేలు, తప్పితే ధరావతులో కోత.

ఆశ ఉన్నచోట వింతలూ ఉంటవి. ఖాళీ స్థలానికి సీలు వేసినా ప్రతిఫలం ఉన్నందువల్ల తొలి సంవత్సరాలలో దాచిన దానిలో చాలాభాగం ఎవరికీ పనికిరాని సమాచారమే. మరొక లోటు కూడా ఉన్నది. ఈ పరీక్షలు పుస్తకం ఉన్నదని మాత్రమే రుజువు చేస్తవి. పంక్తులన్నీ సరిగా చదివినవాడు తీరా పుస్తకం ఇమ్మంటే జాప్యం చేయవచ్చు. దానికి ఈ పరీక్షలో మార్కులు తగ్గవు.