2 లీటర్ల నీళ్లు, 2 గంటల ఓపిక: ఇంట్లోనే కారు ఇంజిన్ శుభ్రం చేసుకోవడం ఎలా?

కారు బానెట్ ఎత్తితే పైన దుమ్ము, దాని కింద నల్లటి జిడ్డు, మూలల్లో ఎండుటాకులు కనిపిస్తాయి. వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే చాలాచోట్ల డీజిల్ కొట్టి, గట్టిగా నీళ్ల ధార పెట్టి కాసేపట్లోనే తళతళలాడించి ఇస్తారు. ఇంజిన్‌కు ఎక్కువ హాని చేసేది ఆ పద్ధతే. బకెట్, బ్రష్, గుడ్డలతో ఇంటి దగ్గర చేసుకునే పని నిదానంగా సాగినా క్షేమం.

ఇంజిన్‌ని పైన తుడిచినంత మాత్రాన మైలేజీ పెరగదు. లాభం వేరే ఉంది. ఆయిల్ ఎక్కడ కారుతోందో, కూలెంట్ గొట్టం ఎక్కడ బీటలిచ్చిందో, ఎలుక ఏ వైరు కొరికిందో మురికి పోతేనే కంటికి ఆనుతుంది. పని మొదలుపెట్టే ముందు కొన్ని అంకెలు గుర్తుంచుకుంటే చాలు. ఏది చేయాలో, ఏది చేయకూడదో అవే చెబుతాయి.

90 డిగ్రీలు: ముందు చల్లారనివ్వాలి

నడుస్తున్న ఇంజిన్‌లో కూలెంట్ వేడి 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. పొగ బయటికి వెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అయితే బరువు లాగేటప్పుడు 400 డిగ్రీలు కూడా దాటుతుంది. అంత వేడి మీద చన్నీళ్లు పడితే లోహం ఒక్కసారిగా కుంచించుకుపోయి పగుళ్లు పట్టవచ్చు. జిడ్డు తీసే ద్రవం కూడా పని చేయకముందే ఎండి మరకలు కడుతుంది.

అందుకే ఇంజిన్ ఆపి, బండిని నీడలో పెట్టి, బానెట్ తెరిచి కనీసం 2 గంటలు వదిలేయండి. ఈలోగా ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టవద్దు. కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా అది తిరుగుతుంది. రేడియేటర్ మూత జోలికీ పోవద్దు. వేడిగా ఉన్నప్పుడు లోపల బయటి గాలికంటే సుమారు 1 బార్ ఎక్కువ ఒత్తిడి ఉంటుంది. మూత తిప్పగానే మరిగే కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది.

12 వోల్టులు: నెగటివ్ ముందు

12 వోల్టుల బ్యాటరీ షాక్ కొట్టదని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కానీ పానా ఒక కొస పాజిటివ్‌కు, ఇంకో కొస కారు బాడీకి తగిలితే వందల ఆంపియర్ల కరెంటు పారుతుంది. పానా ఎర్రగా కాలి చేతిని కాలుస్తుంది, నిప్పురవ్వలు లేస్తాయి. కారు బాడీ నెగటివ్‌తో కలిసి ఉంటుంది కాబట్టి ముందు నెగటివ్ తీగ ఊడదీస్తే ఈ ప్రమాదం ఉండదు. చాలా కార్లలో దీనికి 10 మిల్లీమీటర్ల పానా సరిపోతుంది. పని అయ్యాక ముందు పాజిటివ్, చివర్లో నెగటివ్ బిగించాలి. తీసే ముందు కారుతో వచ్చిన మాన్యువల్ ఒకసారి చూడండి. కొన్ని కార్లలో గడియారం, అద్దాల సెట్టింగులు మళ్లీ చేసుకోవాల్సి వస్తుంది.

60 వోల్టులు, 200 బార్లు: ఈ కార్లలో చెయ్యి ఆపాలి

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తీగలు కనిపిస్తాయి. డీసీ కరెంటులో 60 వోల్టులు దాటితే మనిషికి ప్రమాదకరమని లెక్క. ఈ తీగల్లో పారేది అంతకంటే చాలా ఎక్కువ. వాటిని, వాటి పెట్టెలను తడపకూడదు, విప్పకూడదు. సీఎన్‌జీ కార్లలో సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు 200 బార్ల ఒత్తిడి ఉంటుంది. అక్కడి నుంచి రెగ్యులేటర్‌కి వచ్చే సన్నటి గొట్టాన్ని పొడిగుడ్డతో పైపైన తుడిచి వదిలేయాలి.

100 బార్లు: ప్రెషర్ వాషర్ ఎందుకు వద్దు

మేడ మీది ట్యాంకు 10 మీటర్ల ఎత్తులో ఉంటే కింద కుళాయిలో నీటి ఒత్తిడి దాదాపు 1 బార్. ఇళ్లలో వాడే చిన్న ప్రెషర్ వాషర్‌ది 100 బార్లకు పైమాటే. ఇంజిన్ మీది వైర్ల కనెక్టర్లకు ఐపీ 67 రక్షణ ఉందని వింటుంటాం. అందులో 7 అంటే 1 మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచినా తడి లోపలికి వెళ్లకూడదని. ఆ లోతులో నీరు తోసే బలం 0.1 బార్ మాత్రమే. దూరం పెరిగేకొద్దీ ధార బలం తగ్గే మాట నిజమే గానీ, బానెట్ కింద నాజిల్‌కు, కనెక్టర్‌కు మధ్య జానెడు దూరం కూడా ఉండదు. నీరు రబ్బరు సీలు దాటుకుని లోపల చేరితే తుప్పు పడుతుంది. ఆ లోపం నెలల తర్వాత బయటపడుతుంది కాబట్టి కారణం ఏమిటో కూడా తట్టదు.

30 మిల్లీలీటర్లు: గాలి దారిలో నీళ్లు

1197 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్ తీసుకుందాం. ఒక్కో సిలిండర్ 299 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 11:1 అయితే, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు మిగిలే జాగా సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే 2 టేబుల్ స్పూన్లు. గాలిలా నీరు కుదించుకుపోదు. అంతకు మించి నీళ్లు సిలిండర్‌లో చేరితే పిస్టన్ ఆగిపోయి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆ రిపేరుకు ఇంజిన్ విప్పాల్సిందే.

అందుకే తడిగుడ్డ ముట్టుకునే ముందే ఎయిర్ ఫిల్టర్ గాలి పీల్చే మూతి, ఫ్యూజ్ బాక్స్, ఆల్టర్నేటర్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), ఇగ్నిషన్ కాయిళ్లు ప్లాస్టిక్ కవర్లతో చుట్టి రబ్బరు బ్యాండు వేయాలి. ఆయిల్ పోసే మూత, డిప్‌స్టిక్ బిగువుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

35 డిగ్రీలు: డీజిల్, కిరోసిన్ వద్దు

మన దేశంలో డీజిల్‌కైనా, కిరోసిన్‌కైనా ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. ఆ వేడి దగ్గర ఆవిరి నిప్పు తగిలితే అంటుకుంటుంది. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ఎండాకాలంలో నీడలోనే 45 డిగ్రీలు దాటుతుంది. పెట్రోల్‌కైతే ఆ అంకె సున్నాకు 40 డిగ్రీలు దిగువన ఉంటుంది, దాని ఊసే ఎత్తకూడదు. పైగా కూలెంట్ గొట్టాలు, బెల్టులు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరువి. డీజిల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. టాయిలెట్ క్లీనర్లలో సుమారు 10 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. అదీ, కాస్టిక్ సోడా ఉన్న క్లీనర్లూ అల్యూమినియాన్ని తినేస్తాయి. నీటితో కలిసే డీగ్రీసర్ కొనండి. సీసా మీద అల్యూమినియానికి, రబ్బరుకు హాని లేదని రాసి ఉండాలి.

10 నిమిషాలు: అసలు పని

చేతులకు గ్లోవ్స్, కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్క్ పెట్టుకోండి. ఆకులు, చెత్త చేత్తో ఏరేయండి. ఎలుక పెంటికలు ఉంటే పొడిగా ఊడవకుండా, క్రిమిసంహారక ద్రవంతో తడిపి తీయండి. ఎలుక మూత్రంతో లెప్టోస్పిరోసిస్ సోకుతుంది. తర్వాత పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి.

డీగ్రీసర్‌ని నేరుగా ఇంజిన్ మీద చల్లకుండా బ్రష్ మీదో, గుడ్డ మీదో వేసుకుని, కింద నుంచి పైకి ఒక్కో భాగానికి పట్టించండి. 5 నుంచి 10 నిమిషాలు నాననిచ్చి, ఎండకముందే పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పిండిన తడిగుడ్డతో తుడిచేయండి. బెల్టులకు మాత్రం ద్రవం తగలనివ్వవద్దు. ఈ పనంతటికీ 2 లీటర్ల నీళ్లు చాలు. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి పొడి పేరుకుంటే గ్లాసు నీటిలో టేబుల్ స్పూన్ వంటసోడా కలిపి ఆ చోటే రుద్దండి.

పనికి ముందే బండి కింద అట్టలు పరవండి. కారిన జిడ్డునీటిని కాలువలో కలపకూడదు. కూలెంట్ ఒలికితే వెంటనే అద్ది తీయండి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, నాకిన కుక్కల కిడ్నీలు పాడై ప్రాణం పోతుంది.

మూసే ముందు, మూశాక

పని మొదలుపెట్టినప్పుడు 6 గుడ్డలు తీసుకుంటే, బానెట్ వేసే ముందు 6 గుడ్డలూ చేతికి రావాలి. ఎగ్జాస్ట్ పక్కన మరిచిపోయిన జిడ్డుగుడ్డ అంటుకుంటే బండి బుగ్గవుతుంది. కవర్లన్నీ తీసి, గంటసేపు గాలికి ఆరనిచ్చి, బ్యాటరీ బిగించి, ఇంజిన్‌ని 10 నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచండి. కాయిల్ దగ్గర తడి ఉంటే ఇంజిన్ కుదుపుతో నడుస్తుంది. చెక్ ఇంజిన్ లైటు ఆగకుండా మిణుకుతుంటే వెంటనే ఆపేయండి. కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని మాడ్చేస్తుంది.

అంతా బాగుంటే అన్ని వైపుల నుంచీ ఫోన్‌లో ఫొటోలు తీసి దాచండి. 500 కిలోమీటర్లు తిరిగాక బానెట్ ఎత్తి వాటితో పోల్చండి. కొత్తగా తడి ఎక్కడ కనిపించిందో అదే కారే చోటు. మెకానిక్‌కి ఆ చోటు వేలుపెట్టి చూపిస్తే, వెతుకులాట ఖర్చు లేకుండా చిన్న రిపేరుతో పోతుంది.