గోడ చెమ్మకు రంగు మందు కాదు.. ముందు నీటి దారి వెతకండి

రంజాన్ దగ్గరపడిందంటే, ఇంట్లో పెళ్లి కుదిరిందంటే మనకు ముందు గుర్తొచ్చేది గోడలే. పెయింటర్‌ని పిలుస్తాం. రంగు ఉబ్బిన చోట గీకి, పుట్టీ పెట్టి, రెండు కోటింగులు వేసి వెళ్తాడు. పండగకి ఇల్లు కళకళలాడుతుంది. ఒక వానాకాలం గడిచేసరికి అదే చోట మళ్లీ రంగు పొంగుతుంది, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంది. ఉర్దూలో సీలన్ అన్నా, తెలుగులో చెమ్మ అన్నా బాధ ఒక్కటే. ఏటా రంగుకి డబ్బు పోస్తూనే ఉంటాం, నీళ్లు మాత్రం గోడలోకి వస్తూనే ఉంటాయి.

రంగు వేయడానికి ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఇది తెలిస్తే సగం ఖర్చు తగ్గుతుంది. తెలియకుండా ఏ మందు పూసినా దండగే.

మరక ఎక్కడుందో చూడండి

చెమ్మ నేల దగ్గర మొదలై రెండు మూడు అడుగుల ఎత్తు వరకు పట్టి, ఆ పైన గోడ పొడిగా ఉంటే నీళ్లు నేలలోంచి ఎక్కుతున్నట్టు. పునాది మీద చెమ్మను ఆపే పొర వేయని పాత ఇళ్లలో ఇది మామూలు. బస్తీల్లో ఇంకో కారణం కూడా ఉంటుంది. సీసీ రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేసి వీధి ఎత్తు పెరిగిపోతుంది. ఇంటి గచ్చు కిందికైపోయి, వాన నీళ్లు గోడకి ఆనుకుని నిలుస్తాయి. అలాంటప్పుడు లోపల ఎంత పూసినా లాభం లేదు. గోడ బయట నీళ్లు నిలవకుండా వాలు ఇచ్చి, కాలువలోకి మళ్లించాలి. చెమ్మ కనబడకుండా లోపల టైల్స్ అంటించే పని మాత్రం చేయకండి. ఆరే దారి మూసుకుపోయి చెమ్మ టైల్స్ పైకి ఎక్కుతుంది.

చెమ్మ గోడ మధ్యలో ఉంటే, ఆ గోడకి అవతల ఏముందో చూడండి. చాలాసార్లు బాత్రూమో, వంటింటి సింకో, వుజూ చేసుకునే కుళాయో ఉంటుంది. వుజూ కుళాయి దగ్గర రోజుకి ఎన్నోసార్లు నీళ్లు పడతాయి. అక్కడ టైల్స్ సందులు తెరుచుకుంటే గోడ ఆరే సమయమే ఉండదు.

పైకప్పు మూలలో, స్లాబు గోడతో కలిసే చోట మరక ఉంటే డాబా ఎక్కండి. స్లాబు, పిట్టగోడ కలిసే చోట పగుళ్లున్నాయా? వాన నీళ్ల గొట్టం ఆకులతో పూడుకుపోయిందా? నీళ్లు మడుగు కడుతున్నాయా? డాబా మీద 10 అడుగుల దూరానికి కనీసం ఒక అంగుళం పైచిలుకు వాలు ఉండాలి. వాలు లేని డాబాకి ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫింగ్ చేయించినా ఎక్కువ కాలం నిలవదు.

ఇంట్లోనే చేసుకునే పరీక్షలు

పైపు లీకు: రాత్రి పడుకునే ముందు ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు అంకె రాసుకోండి. ఆ రాత్రి ఎవరూ నీళ్లు వాడకూడదు, సంపులోకి, ట్యాంకులోకి నీళ్లు ఎక్కకూడదు. పొద్దున్నే అంకె మారితే వీధి నుంచి వచ్చే లైన్‌లో లీకు ఉన్నట్టు. డాబా మీది ట్యాంకు నుంచి దిగే పైపులకి మీటరు పనిచేయదు. ట్యాంకులో నీటి మట్టానికి గుర్తు పెట్టి చూడాలి.

బాత్రూం లీకు: కింద గదిలో చుక్కలు రాత్రీ పగలూ ఒకేలా పడుతుంటే, కుళాయిలకి వచ్చే పైపు మీద అనుమానం. స్నానాలు అయ్యాకే తడి పెరుగుతుంటే, నీళ్లు బయటికి పోయే గొట్టమో, టైల్స్ సందులో కారణం. తూము గుడ్డతో బిగించి, అంగుళం నీళ్లు నింపి, గోడ మీద గీత గీసి 24 గంటలు ఉంచండి. నీళ్లలో కాస్త నీలిమందు కలపండి. కింద నీలం కనిపిస్తే ఇక అనుమానం లేదు. కనిపించకపోయినా కింద మరక పెద్దదయిందా, పైన మట్టం బాగా తగ్గిందా చూడండి.

డాబా లీకు: ఇదే పరీక్ష డాబా మీదా చేయొచ్చు. కానీ అంగుళం నీళ్లంటే ప్రతి చదరపు మీటరుకి 25 కిలోల బరువు. కింద పెచ్చులు ఊడుతున్న పాత స్లాబు మీద నీళ్లు నిలబెట్టొద్దు.

పై అంతస్తులో అన్న, కింద తమ్ముడు ఉండే ఇళ్లలో ఈ లీకుల వల్లే మాటలు పడతాయి. "మీ బాత్రూం నీళ్లే" అని కింద వాళ్లు, "మా దగ్గర అంతా బాగానే ఉంది" అని పై వాళ్లు. ఇద్దరూ కలిసి ఈ పరీక్ష చేసుకుంటే తేలిపోతుంది. ఖర్చెలా పంచుకోవాలో ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకోవచ్చు.

పెచ్చులు ఊడుతుంటే ఆలస్యం వద్దు

నీళ్లు స్లాబులోకి చేరితే లోపలి ఇనుప చువ్వలకి తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా రెండింతల పైనే చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది. కింద పిల్లలు, పెద్దవాళ్లు పడుకుంటారు. మంచం అక్కడి నుంచి ఈరోజే జరపండి.

మేస్త్రీ వచ్చి సిమెంటు మెత్తి పోతే సరిపోదు. సుత్తితో మెల్లగా తట్టి, బోలుగా మోగిన చోటంతా తీసేయాలి. చువ్వల తుప్పు పూర్తిగా గీకి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మిశ్రమంతో నింపాలి. చువ్వలు సన్నబడినా, స్లాబు కిందికి వంగినట్టున్నా ఇంజినీర్‌ని పిలవాల్సిందే.

"పైన ఒక గది కట్టేయండి, లీకు పోతుంది" అనే సలహా తరచూ వినిపిస్తుంది. తుప్పు పట్టిన స్లాబు మీద, ఒక్క అంతస్తుకే వేసిన పునాది మీద బరువు పెంచడం ప్రాణాలతో ఆట. పిల్లర్లు, పునాది ఇంజినీర్ చూడకుండా, మున్సిపాలిటీ అనుమతి లేకుండా ఆ పని మొదలుపెట్టకండి.

తడి గోడలో స్విచ్ బోర్డు ఉంటే ఇంకా జాగ్రత్త. ఆ లైన్ మెయిన్‌లో ఆపేసి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి, 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ ఉండాలి. అది షాక్ కొట్టే సమయంలో కరెంటు ఆపేస్తుంది.

కొత్తగా స్లాబు వేస్తున్నారా?

లీకు చాలాసార్లు స్లాబు వేసిన రోజే పుడుతుంది. పని తేలిగ్గా సాగాలని కూలీలు నీళ్లు ఎక్కువ కలుపుతారు. 50 కిలోల సిమెంటు బస్తాకి సుమారు 25 లీటర్లు చాలు. ఇసుక తడిగా ఉంటే అంతకన్నా తక్కువే. ఎక్కువైన నీళ్లు ఆవిరై, కాంక్రీటులో సన్నని రంధ్రాలు మిగులుతాయి. తర్వాత వాన నీళ్లకి అవే దారులు.

ఇప్పుడు ఇళ్లకి ఎక్కువగా వాడే పీపీసీ సిమెంటుకి కనీసం 10 రోజులు తడి ఆరకుండా నీళ్లు కట్టాలి. మన ఎండల్లో 14 రోజులు మంచిది. మూడు రోజులు చల్లి వదిలేస్తే స్లాబు బలం తగ్గుతుంది, పగుళ్లు వస్తాయి.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలి?

వాటర్‌ప్రూఫింగ్ పని మార్చి నుంచి మే లోపు చేయించుకోండి. గోడలు, స్లాబు పొడిగా ఉన్నప్పుడే పూత పట్టుకుంటుంది. ఎక్కడెక్కడ పని, ఏ సామాను, ఎన్ని కోటింగులు, ఎన్నేళ్ల గ్యారంటీ అన్నది తెలిసినవాళ్లయినా సరే కాగితం మీద రాయించుకోండి. కొంత మొత్తం మొదటి పెద్ద వాన పడ్డాక ఇస్తామని ముందే ఒప్పుకోండి.

లీకు ఆగాక గోడని ఆరనివ్వండి. ఆరిందో లేదో తెలియాలంటే అడుగు చదరం ప్లాస్టిక్ షీటు నాలుగు పక్కలా టేపుతో గోడకి అంటించి రెండు రోజులు ఉంచండి. షీటు వెనక, గోడ వైపు తడి కనబడితే ఇంకా ఆగాలి. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన చోట సుమారు నెల రోజులు వదిలేయాలి. ఈలోగా పండగ వచ్చేస్తే ఆ ఒక్క గోడకి మాత్రం రంగు ఆపండి. పొడి గోడ మీద వేసిన రంగు కొన్నేళ్లు ఉంటుంది, తడి గోడ మీద వేస్తే వచ్చే పండగకి మళ్లీ పెయింటర్‌ని పిలవాల్సిందే.