కలవని సున్న

కంప్యూటర్ చెప్పినట్టు పెన్నుతో గీసే యంత్రం పెన్ ప్లాటర్. ఇంట్లో కట్టుకున్న ప్లాటర్ సత్తా తేల్చడానికి పెద్ద బొమ్మలు అక్కర్లేదు. 40 మిల్లీమీటర్ల అడ్డుకొలతతో ఒక సున్న గీయిస్తే చాలు. పెన్ను బయల్దేరిన చోటికే తిరిగొచ్చి ఆగాలి. చాలా యంత్రాల్లో అలా జరగదు. అర మిల్లీమీటరు అవతల ఆగిపోతుంది. లేదంటే సున్న కోలగా వస్తుంది. లేదంటే పైనా కిందా, కుడీ ఎడమా ఎవరో వేలితో నొక్కినట్టు చదునుదేలి ఉంటుంది. కంప్యూటర్ తెర మీద అంకెలు మాత్రం పెన్ను సరిగ్గా మొదటి చోటే ఉందని చూపిస్తాయి. ఆ అంకెలు యంత్రం కొలిచి చెప్పినవి కావు, మనం వేయమన్న అడుగుల లెక్క మాత్రమే. అన్ని అడుగులూ నిజంగా పడ్డాయా, పడ్డవి పెన్ను మొన దాకా చేరాయా అని చూసే కన్ను దానికి లేదు.

ఈ వంశంలో పెద్దవాళ్లకు కన్ను ఉండేది. హెలికాప్టర్ రెక్కల కొలతలతో తంటాలు పడుతున్న మిషిగన్ పారిశ్రామికుడు జాన్ పార్సన్స్ ఆలోచనను అమెరికాలోని ఎంఐటీ సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాల చేపట్టింది. చిల్లుల టేపు చదువుతూ లోహం చెక్కే మిల్లింగ్ యంత్రాన్ని 1952లో లోకానికి చూపించింది. వాక్యూమ్ ట్యూబులు, రిలేలతో దాని కంట్రోలు బీరువాలంత ఉండేది. కదిలే భాగం ఎక్కడుందో ఎప్పటికప్పుడు కొలుచుకుని, తేడా వస్తే దిద్దుకోవడం దాని పద్ధతి. అది ఖరీదైన పద్ధతి.

చవక దారి చూపించింది కాల్‌కాంప్. కాలిఫోర్నియాకు చెందిన ఈ సంస్థ 1959లో 565 అనే డ్రమ్ ప్లాటర్ తెచ్చింది. కాగితం చుట్టిన డ్రమ్ము ముందుకూ వెనక్కూ తిరిగితే ఒక అక్షం, పెన్ను డ్రమ్ము వెంబడి అటూ ఇటూ జరిగితే రెండోది. ఒక్కో అడుగు అంగుళంలో నూరోవంతు. సెకనుకు 300 అడుగులు. కొలిచి దిద్దుకోవడమనే మాటే లేదు, చెప్పిన అడుగు మోటారు వేసిందని నమ్మడమే. ఐబీఎం దీన్నే 1627 అన్న పేరుతో అమ్ముకుంది. మోయాల్సిన బరువు తక్కువ, వేగం హద్దులో ఉంది, భాగాలు ఫ్యాక్టరీలో కచ్చితంగా చెక్కినవి. అందుకే ఆ నమ్మకం చెల్లింది. ఇంట్లో కట్టే యంత్రం ఆ నమ్మకాన్ని మాత్రం వారసత్వంగా తీసుకుంది, ఆ ఇనుమును తీసుకోలేదు. మన తిప్పలన్నీ అక్కడి నుంచే.

జర్మనీలో కోన్రాడ్ జూజే కంపెనీ గ్రాఫోమాట్ జడ్64 ప్లాటర్‌తో గేయోర్గ్ నేస్, ఫ్రీడర్ నాకే గీయించిన బొమ్మలు 1965లో స్టుట్‌గార్ట్‌లో ప్రదర్శనకెక్కాయి. కంప్యూటర్ చిత్రకళ చరిత్ర రాసేవాళ్లలో చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు. 1980లలో హ్యూలెట్ ప్యాకర్డ్ 7470ఏ లాంటి బల్లమీది ప్లాటర్లలో ఒక అక్షానికి కాగితమే కదిలేది. ఇసుకరేణువుల్లాంటి గరుకు పూసిన చిన్న చక్రాలు కాగితం అంచుల్లో కంటికి ఆనని గుంటలు పొడుస్తాయి. కాగితం వెనక్కి వచ్చినప్పుడు ఆ గరుకు మళ్లీ అవే గుంటల్లో కూర్చుంటుంది. ఎన్నిసార్లు వెళ్లొచ్చినా గీత మీద గీత పడేది అందుకే. కాగితం చేతే పళ్లచక్రం పని చేయించిన ఆ ఉపాయం నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా ఇష్టం. తరవాత ఇంక్‌జెట్లు వచ్చాయి, పెన్ను ప్లాటర్లు మూలపడ్డాయి.

వాటికి మళ్లీ ప్రాణం పోసింది ఒక ఉచిత ప్రోగ్రాము. నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ 2009లో విడుదల చేసిన గర్బల్, 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఉన్న ఆర్డుయినో చిప్పులో ఇమిడిపోతుంది. ఫ్యాక్టరీ యంత్రాలు చదివే జీ-కోడ్‌నే చదివి మోటార్లను నడుపుతుంది. దాంతో హైదరాబాద్ కోఠీలో డ్రైవర్ బోర్డులు, బెల్టులు కొనుక్కుని, పాత డీవీడీ డ్రైవులు విప్పి, ఇంజనీరింగ్ విద్యార్థులు మినీ ప్రాజెక్టు కింద ప్లాటర్లు కట్టేస్తున్నారు. కట్టడం సులువే. సున్న కలవడమే కష్టం.

మొదట లెక్క. మామూలు స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. డ్రైవర్ బోర్డు ఒక్కో అడుగును 16 ముక్కలు చేస్తే 3200. 2 మిల్లీమీటర్ల పన్ను ఎడం ఉన్న బెల్టు, 20 పళ్ల పుల్లీ అయితే ఒక చుట్టుకు 40 మిల్లీమీటర్లు. అంటే మిల్లీమీటరుకు 80 అడుగులు. గర్బల్‌తో వచ్చే అంకె మాత్రం 250. దాన్ని మార్చడం మరిచిపోతే 10 మిల్లీమీటర్ల గీత 31 దాకా సాగుతుంది. ఇది భయపెట్టే తప్పే గానీ ప్రమాదం లేనిది, కంటికి వెంటనే కనిపిస్తుంది.

ప్రమాదమంతా చిన్న తేడాలోనే. 100 మిల్లీమీటర్లు గీయమంటే 99.6 వచ్చిందనుకోండి. చాలామంది 80ని 80.3 చేసేసి చేతులు దులుపుకుంటారు. నన్నడిగితే పళ్లు లెక్కపెట్టి తెచ్చిన అంకెను అంత తొందరగా ముట్టుకోకూడదు. ముందు పెన్నును ఎదురు దిక్కులో కాస్త నడిపించి, అక్కడి నుంచి 20 మిల్లీమీటర్ల గీత ఒకటి, అలాగే 100 మిల్లీమీటర్ల గీత ఒకటి గీయించాలి. వెర్నియర్‌తో కొలవాలి. లెక్కలో తప్పుంటే లోటు పొడవును బట్టి పెరుగుతుంది: 100కి 0.4 తగ్గితే 20కి 0.08 తగ్గుతుంది. రెండింటికీ అదే 0.4 తగ్గిందంటే తప్పు లెక్కది కాదు, యంత్రంలో ఎక్కడో వదులుంది. మోటారు దిక్కు మార్చుకున్న ప్రతిసారీ మొదటి కొన్ని అడుగులు ఆ వదులును మింగడానికే ఖర్చవుతున్నాయి. మెకానిక్కులు ప్లే అంటారు, పుస్తకాల్లో బ్యాక్‌లాష్.

సున్న నాలుగు చోట్ల చదునుగా ఎందుకు వస్తుందో ఇక్కడ తేలిపోతుంది. వృత్తం గీస్తున్నప్పుడు కుడి కొస దగ్గర అడ్డం మోటారు దిక్కు మారుస్తుంది, పై కొస దగ్గర నిలువు మోటారు. ఎడమన, కిందన మళ్లీ అంతే. మారిన మోటారు వదులు మింగుతున్నంతసేపూ రెండో మోటారు ఒక్కటే పని చేస్తుంది కాబట్టి అక్కడ వంపు పోయి తిన్నని గీత పడుతుంది. చదును పైనా కిందా మాత్రమే ఉంటే నిలువు అక్షం ఒక్కటే విప్పి చూస్తే చాలు. లీడ్ స్క్రూ ఉంటే నట్టులో, బెల్టు ఉంటే దాని బిగువులో వెతకాలి. పుల్లీని మోటారు కడ్డీకి పట్టి ఉంచే గ్రబ్ స్క్రూను మాత్రం ఎవరూ అనుమానించరు. 5 మిల్లీమీటర్ల కడ్డీకి ఒక పక్క చదును చెక్కి ఉంటే స్క్రూ మొన దాని మీదే దిగాలి. గుండ్రటి వైపు దిగితే నాలుగు రోజులు పట్టుకుని ఐదో రోజు జారుతుంది.

పెన్ను హోల్డర్ సంగతి ఇంకా ఘోరం. రెండు అక్షాలకూ నికార్సయిన బేరింగులు వేసి, పెన్నును రబ్బరు బ్యాండుతో కట్టేస్తారు. పెన్నుకు కాగితం మీద రాపిడి ఉంటుంది, యంత్రం కుడికి పోతే మొన ఎడమకు వాలుతుంది. పెన్ను లోపల రీఫిల్ కూడా కొంచెం ఆడుతుంది. వదులు ఎక్కడున్నా కాగితం మీద ఒకే రకంగా కనబడుతుంది. అందుకే మోటార్లు విప్పడానికి ముందు పెన్ను మొనను వేలితో అటూ ఇటూ కదిపి చూడటం మేలు. గర్బల్‌లో వదులును లెక్కతో సరిదిద్దే ఏర్పాటు లేదు. చేతులతోనే బిగించుకోవాలి.

ఇంకో రకం జబ్బు వదులు కన్నా మోసకారి. అదే సున్నను ఒకదాని మీద ఒకటి పదిసార్లు గీయించండి. సున్న వంకరగా ఉన్నా సరే, పదీ ఒకే గీతగా పడితే అది నిర్మాణంలో లోపం. ఒక్కోటీ పక్కకు జరుగుతూ పోతే మోటారు అడుగులు తప్పుతోంది. కన్ను లేని యంత్రం ఒక అడుగు తప్పితే ఆ తరవాతి బొమ్మంతా అంతమేర పక్కకు వెళ్లిపోతుంది, తనంతట తాను సర్దుకోవడం ఉండదు. బెల్టు మరీ బిగించినా, కరెంటు తక్కువైనా, వేగం పెంచినా ఇదే జరుగుతుంది. స్టెప్పర్ మోటారు లాగే బలం వేగం పెరిగేకొద్దీ పడిపోతుంది. ముందు తగ్గించాల్సింది గర్బల్‌లో $120, $121 అనే త్వరణం అంకెలు. మలుపుల దగ్గర తప్పే అడుగులకు మందు ఎక్కువసార్లు అదే.

అడుగును ముక్కలు చేస్తే కచ్చితత్వం పెరుగుతుందన్నది బాగా ప్రచారంలో ఉన్న భ్రమ. పూర్తి అడుగును 16 ముక్కలు చేసినప్పుడు ఒక్క ముక్క కదలికకు మోటారు చూపగల బలం, దాని నిలుపుదల బలంలో 10 శాతం కూడా ఉండదు. రాపిడి అంతకన్నా ఎక్కువుంటే మోటారు కదలదు, రెండు మూడు ముక్కలు పోగయ్యాక ఒక్కసారి గెంతుతుంది. డీవీడీ డ్రైవు మోటారు చాలావాటిలో చుట్టుకు 20 అడుగులే వేస్తుంది, స్క్రూ చుట్టుకు 3 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే పూర్తి అడుగు 0.15 మిల్లీమీటర్లు. బాల్‌పెన్ను గీతే అంతకన్నా మందంగా ఉంటుంది కాబట్టి బెంగపడాల్సింది లేదు.

కోల సున్నకు వేరే కథ ఉంది. కోల అడ్డంగానో నిలువుగానో ఉంటే ఒక అక్షం లెక్క తప్పు. ఏటవాలుగా, మూల నుంచి మూలకు సాగి ఉంటే రెండు అక్షాలూ లంబంగా లేవు. పునాది గీసేటప్పుడు మేస్త్రీ మూల నుంచి మూలకు టేపు పట్టి చూసినట్టే, 100 మిల్లీమీటర్ల చదరం గీయించి రెండు కర్ణాలూ కొలవాలి. ఒక్కోటీ 141.4 రావాలి. రెంటికీ 1 మిల్లీమీటరు తేడా ఉంటే మూల సుమారు 0.4 డిగ్రీలు పక్కకు పోయినట్టు. వంతెనలాంటి అడ్డపట్టీని ఒక పక్కనే మోటారు పెట్టి లాగే యంత్రాల్లో ఇంకో చిక్కుంది. రెండో కొస రాపిడికి వెనకబడుతుంది, పైకి పోయేటప్పుడు ఒక వాలు, కిందికి వచ్చేటప్పుడు ఇంకో వాలు. ఏ స్క్రూ బిగించినా ఇది పోదు, రెండో వైపు కూడా బెల్టు వేయాల్సిందే.

ఇవన్నీ చక్కబడ్డాక తెలుగు రాయించి చూడండి, మిగిలిన లోపాలన్నీ బయటపడతాయి. ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో నిలువు, అడ్డం, ఏటవాలు గీతలు ఎక్కువ, దిక్కు మార్పులు తక్కువ. 'శ్రీ' రాయాలంటే రెండు మోటార్లూ పదేపదే వెనక్కి తిరగాలి, తిరిగిన ప్రతి చోటా వదులు పలుకుతుంది. పైగా మన ఫాంట్లు అక్షరం అంచులను గీసినవి. ఇంక్‌స్కేప్ అనే బొమ్మల ప్రోగ్రాములో తెలుగు టైపు చేసి గీతలుగా మారిస్తే పెన్ను గీత మధ్యలోంచి నడవదు, ప్రతి వంపుకూ రెండు అంచులు గీసి బోలు అక్షరం చేస్తుంది. ఆ రెండు అంచులూ ఎదురెదురు దిక్కుల్లో గీసినవి కాబట్టి 0.3 వదులున్నా ఒక చోట అతుక్కుపోతాయి, ఇంకో చోట విడిపోతాయి. రోమన్, గ్రీకు, సిరిలిక్ లిపులకు ఒంటిగీత అక్షరాలను అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో అలెన్ హెర్షీ 1967 నాటికే సిద్ధం చేశాడు, ప్లాటర్లు నేటికీ వాటిని వాడుతున్నాయి. వాటిలో తెలుగు లేదు. ఒంటిగీత తెలుగు కావాలంటే అక్షరం మధ్యరేఖను చేత్తో గీసుకోవాలి, గుణింతాలు, వత్తులతో కలిపి అది పెద్ద పనే.

అలా గీసుకున్న అక్షరాలకు కూడా మొదట్లో సిరా అందకపోతే మోటార్లను అనుమానించనక్కర్లేదు. పెన్నును ఎత్తి దించే చిన్న మోటారు, అదే సర్వో, పెన్నును దించేలోపే కదలిక మొదలైపోతోంది. దించమన్న ఆజ్ఞ వెంటనే జీ4 పీ0.2 అని ఒక వరుస చేర్చి, సెకనులో ఐదో వంతు ఆగమంటే సరిపోతుంది.