బిందువులో బిందువు: దాటినది నీరా, ఉప్పా?

పాలలో క్రొవ్వు సన్నని బిందువులుగా నీటియందు తేలుచుండును. వెన్నలో ఇందుకు మారుగా నీటి బిందువులే క్రొవ్వులో చిక్కుకొని యుండును. ఒకదానిలో ఒకటి కరగని రెండు ద్రవములు ఇట్లు కలిసియున్నచో దానిని ఎమల్షను అందురు.

నీటి బిందువులను తనలో దాచుకొన్న నూనె బిందువు మరల నీటిలో తేలుచున్నదనుకొనుడు. అప్పుడు లోని నీరు, నడుమ నూనె, బయటి నీరు అను మూడు ప్రావస్థలు ఏర్పడును. ఇదియే ద్విగుణ ఎమల్షను. విలియం సైఫ్రిజ్ 1925లోనే ఇట్టివానిని వర్ణించెను. దీనిని రెండు దశలలో తయారుచేయుదురు. మొదట నీటిని నూనెలో గట్టిగా చిలికి, నూనెలో కరగు ఎమల్సీకరణితో బిందువులను నిలుపుదురు. పిదప ఆ మిశ్రమమును, నీటిలో కరగు వేరొక ఎమల్సీకరణి గల నీటిలో మెల్లగా కలుపుదురు. ఈసారియు గట్టిగా చిలికినచో లోని నీరు బయటపడిపోవును.

లోని నీటిలో ఒక మందును ఉంచి, అది శరీరములో మెల్లమెల్లగా వెలువడునట్లు చేయుట దీని ఉపయోగములలో ఒకటి. ఆ మందు సీసాలోనే బయటికి వచ్చినచో పడిన శ్రమ వ్యర్థము. కావున నూనె పొరను ఏది, ఎట్లు దాటుచున్నదో తెలిసికొనుట అవసరము.

ఊరగాయకై ఉప్పు చల్లిన మామిడి ముక్కలనుండి నీరూరుట మనము చూచుచునే యున్నాము. నీరు ఉప్పు తక్కువగా నున్న చోటినుండి ఎక్కువగా నున్న చోటికి పోవును. నూనె పొరయు నీటిని కొద్దికొద్దిగా పోనిచ్చును. ఉప్పు అయానులను చాలవరకు ఆపును. లీటరుకు 5.8 గ్రాముల ఉప్పు లోపలనుండి, బయట ఉప్పులేని నీరున్నచో, 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ద్రవాభిసరణ పీడనము వాతావరణ పీడనమునకు సుమారు నాలుగున్నర రెట్లుండును. అందుచే నీరు లోపలికి చొచ్చి బిందువు ఉబ్బును; మితిమీరినచో పగులును. ఉప్పు బయటపడుటకు పగులుట ఒక మార్గము. లోని చిన్న బిందువు నూనె అంచును తాకి బయటి నీటిలో కలియుట రెండవది. ఎమల్సీకరణి అణువులు గుంపుగూడి ఉప్పును నడుమ నుంచుకొని నూనెలోగుండ మోసికొనిపోవుట మూడవది.

దాటినది నీరో, ఉప్పో కనుగొనుటకు రెండు కొలతలు కావలెను. మొదటిది సూక్ష్మదర్శినితో బిందువు వ్యాసము. వ్యాసము పదింట ఒకవంతు పెరిగినచో ఘనపరిమాణము 1.1 × 1.1 × 1.1, అనగా సుమారు 1.33 రెట్లగును. ఆ పెరిగినదంతయు లోపలికి వచ్చిన నీరే. రెండవది బయటి నీటి విద్యుద్వాహకత. నూనెగాని, గ్లూకోజు ద్రావణముగాని విద్యుత్తును చెప్పుకోదగినంతగా ప్రసరింపనీయవు. ఉప్పు అయానులు ప్రసరింపజేయును. అయానులను ఈయని ఎమల్సీకరణిని వాడి, బయటి నీటిలో లీటరుకు సుమారు 34 గ్రాముల గ్లూకోజు కరగించినచో ఇరువైపుల పీడనములు సరిపోవును. నీరు ఏ వైపునకును పోదు. అప్పుడు వాహకత పెరిగినచో ఉప్పు కారుచున్నదన్నమాట. వాహకత మారక బిందువు ఉబ్బినచో నీరొక్కటే దాటినది. చాలసేపు ఉబ్బిన పిదప వాహకత హఠాత్తుగా పెరిగినచో బిందువులు పగిలినవని గ్రహింపవలెను.

ఈ దాటుటయే మేలైన చోట్లును కలవు. ద్రవపు పొరలతో పదార్థములను వేరుచేయు పద్ధతికి నార్మన్ లీ 1968లో అమెరికాలో పేటెంటు పొందెను. కర్మాగారముల మురికినీటిలోని ఫినాలును ఈ మార్గమున తీసివేయవచ్చును. ఇందులో లోని బిందువులలో ఉప్పునకు బదులు కాస్టిక్ సోడా యుండును. ఫినాలు నూనెలో కరగును గనుక పొరను దాటి లోపలికి వచ్చి, సోడాతో కలిసి సోడియం ఫినొలేటుగా మారును. ఇది నూనెలో కరగదు. కావున తిరిగి పోలేదు. ఇట్లు లోన ఫినాలు మిగులదు గనుక బయటినుండి మరికొంత వచ్చుచునే యుండును. చివరకు నూనె బిందువులను తేర్చి తీసి, వానిని విడగొట్టి, నూనెను మరల వాడుకొందురు.